వరద బాధితులకు మామూలు మనిషి సాయం: ఏ వేళకు ఏది అక్కరకొస్తుంది?

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన కుండపోత వానకు బుడమేరు వాగు పొంగింది. దాని మళ్లింపు కాలువకు మూడుచోట్ల గండ్లు పడడంతో విజయవాడలోని అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, వాంబే కాలనీ, కండ్రిక, రాజరాజేశ్వరీపేట వంటి ప్రాంతాలు రోజుల తరబడి నీటిలోనే ఉండిపోయాయి. అదే సమయంలో కృష్ణమ్మకూ వరద పోటెత్తి, ప్రకాశం బరాజ్ వద్ద 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. ఆ వారమంతా రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎందరో స్పందించారు. కాలేజీ విద్యార్థులు, గుళ్లు, మసీదులు, చర్చిలు, కులసంఘాలు, అపార్ట్‌మెంట్ సంఘాలు, విదేశాల్లోని తెలుగువారు ఎవరికి తోచింది వారు పంపారు. అయినా సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దిగువన, వీధి మొగలో ఉన్నవారి చేతికి ఆహార పొట్లాలు పదేపదే అందుతుంటే, లోపలి వీధుల్లో మేడలపై చిక్కుకున్న కుటుంబాలకు గుక్కెడు నీళ్లు కూడా చేరలేదని అప్పట్లో వార్తలు వచ్చాయి.

ప్రతి తుపానుకూ, ప్రతి వరదకూ ఈ దృశ్యం ఏదో ఒక రూపంలో కనిపిస్తూనే ఉంటుంది. ఇవ్వాలనుకునే చేతులకు మన దగ్గర కొరత లేదు. ఇచ్చినది ఎక్కడికి చేరుతుంది, ఏ వేళకు చేరుతుంది అన్నదే అసలు చిక్కు. ఆ చిక్కు అర్థం కావాలంటే ముందుగా విపత్తు తర్వాతి కాలాన్ని దశలుగా విడదీసి చూడాలి.

రక్షణ, సహాయం, పునరావాసం: మూడింటికీ మూడు రకాల అవసరాలు

రక్షణ దశ అంటే ప్రాణాలు నిలిపే గంటలు. నీటిలో, శిథిలాల్లో, మేడలపై చిక్కుకున్నవారిని బయటకు తేవడం ఇందులోని పని. సహాయ దశ రోజులు, వారాల పాటు సాగుతుంది. తిండి, తాగునీరు, తాత్కాలిక బస, మందులు, ఇల్లు కడుక్కోవడానికి కావలసిన సామగ్రి ఈ దశలో అవసరమవుతాయి. పునరావాస దశ నెలలు, ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఇల్లు మళ్లీ నిలబడడం, పని మళ్లీ దొరకడం, పోయిన కాగితాలు తిరిగి రావడం, పిల్లలు బడికి వెళ్లడం దీని కిందికి వస్తాయి.

విపత్తు నిర్వహణ చట్టం, 2005 ప్రకారం జిల్లా స్థాయిలో ఈ పనులన్నిటినీ సమన్వయం చేసే సంస్థ జిల్లా విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ, దానికి అధ్యక్షుడు కలెక్టర్. జిల్లా కంట్రోల్ రూమ్‌కు 1077, రాష్ట్ర కంట్రోల్ రూమ్‌కు 1070, అన్ని అత్యవసరాలకూ 112 నంబర్లు ఉన్నాయి. విడివిడిగా ముందుకొచ్చే వ్యక్తుల సాయం ఈ వ్యవస్థకు ప్రత్యామ్నాయం కాలేదు. అయితే ఈ వ్యవస్థకు అందని సందులు మూడు దశల్లోనూ ఉంటాయి. వ్యక్తి సాయానికి అసలు విలువ ఆ సందుల్లోనే.

దాతల ఉత్సాహం మాత్రం మొదటి వారంలోనే ఉప్పొంగి, టీవీ తెరపై నుంచి నీరు తగ్గగానే తగ్గిపోతుంది. బాధితుడి అవసరం ఆ తర్వాతే పెరుగుతుంది. మిగిలిన చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ తేడాయే.

మొదటి గంటల్లో కాపాడేది పొరుగువారే

2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు ఉప్పొంగి ప్రకాశ్‌నగర్ వంతెనపై తొమ్మిదిమంది చిక్కుకుపోయారు. గంటలు గడిచినా వారిని చేరే మార్గం దొరకలేదు. చివరకు హర్యానా నుంచి పనికోసం వచ్చిన ఒక జేసీబీ డ్రైవర్ తన యంత్రాన్ని ఆ ప్రవాహంలోకి నడిపి అందరినీ ఒడ్డుకు చేర్చాడు. 2018 కేరళ వరదల్లో మత్స్యకారులు తమ పడవలను లారీలకెక్కించి ముంపు ప్రాంతాలకు తీసుకువెళ్లి వేలమందిని కాపాడారు. 1995 జనవరి 17న జపాన్‌లోని కోబె నగరంలో భూకంపం వచ్చినప్పుడు శిథిలాల కింది నుంచి బయటపడినవారిలో ఎక్కువమందిని తీసింది కుటుంబసభ్యులు, ఇరుగుపొరుగువారే.

ఈ మూడు ఉదాహరణల్లోనూ సాయపడినవారికి సానుభూతితో పాటు మరో రెండు ఉన్నాయి. వారు అక్కడే, లేదా చేరగలిగినంత దగ్గరలో ఉన్నారు. నీటినో, యంత్రాన్నో, ఆ వీధినో ఎరిగిన నైపుణ్యం వారి చేతిలో ఉంది. ఏ ఇంట్లో మంచం పట్టిన ముసలమ్మ ఉందో, ఏ వాటాలో నిండు గర్భిణి ఉందో, ఎవరికి డయాలసిస్ తేదీ దగ్గరపడిందో బయటినుంచి వచ్చిన దళానికి తెలియదు, పక్కింటివారికి తెలుసు. రక్షణ దశలో మామూలు మనిషి ఇవ్వగల అతి విలువైన సాయం చాలాసార్లు ఈ సమాచారమే.

దూరాన ఉన్నవారు ఆ గంటల్లో బయలుదేరి రావడం మేలా, కీడా? ఈ ప్రశ్న కొత్తది కాదు. 1957లో ఫ్రిట్జ్, మాథ్యూసన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు విపత్తు జరిగిన చోటికి మూడు రకాల వెల్లువ వస్తుందని వివరించారు: మనుషులు, సమాచారం, సామగ్రి. మూడూ మంచి ఉద్దేశంతోనే వస్తాయి, అదుపు లేకపోతే మూడూ దారిని మూసేస్తాయి. ఇరుకు రోడ్డుపై నలభై కార్లు నిలిస్తే అంబులెన్స్ ఆగిపోతుంది. వందమంది ఒకే కుటుంబం గురించి ఫోన్ చేస్తే కంట్రోల్ రూమ్‌లో కొత్త పిలుపులకు లైను దొరకదు. నిన్న కాపాడిన కుటుంబం తాలూకు వాట్సాప్ సందేశం ఇవాళ కూడా తిరుగుతుంటే, పడవ ఖాళీ ఇంటికి వెళ్లి తిరిగొస్తుంది. అందువల్ల దూరాన ఉన్నవారు చేయగల పనుల్లో పైకి చిన్నదిగా కనిపించినా నిజంగా పెద్దది ఒకటుంది: అందిన సందేశాన్ని ముందుకు తోసే ముందు ఆ నంబరుకు ఒకసారి ఫోన్ చేసి, చిరునామా, మనుషుల సంఖ్య, సమయం సరిచూసి, పని పూర్తయ్యాక ఆ సందేశాన్ని ఆపించడం. కట్ట మళ్లీ తెగిందంటూ వచ్చే వాయిస్ మెసేజ్‌ల వంటివి ఎంత ప్రమాదకరమో చట్టమూ గుర్తించింది. విపత్తు గురించి భయాందోళనకు దారితీసే తప్పుడు హెచ్చరికను ప్రచారం చేస్తే విపత్తు నిర్వహణ చట్టంలోని 54వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలుశిక్ష పడవచ్చు.

వస్తువులా, డబ్బా?

సహాయ దశలో అన్నిటికంటే ఎక్కువ వాదన జరిగేది దీని మీదనే. డబ్బు పంపడమే మేలని చెప్పేవారి తర్కాన్ని ఒక లెక్కతో చూద్దాం. హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌వారు 60,000 రూపాయలు పోగుచేశారనుకుందాం. అక్కడే సరుకులు కొని వ్యాన్‌లో సుమారు 275 కిలోమీటర్లు పంపితే, బాడుగకు, కూలీలకు 15,000 పోతుందనుకుంటే, మిగిలేది 45,000. పైగా ఆ సరుకులు చిల్లర ధరకు కొన్నవి. అదే డబ్బు విజయవాడలో నమ్మకమైన ఒకరికి పంపి, మునగని ప్రాంతంలోని టోకు వ్యాపారి దగ్గర కొంటే, ఆటో కిరాయికి 2,000 పోయినా 58,000 రూపాయల సరుకు చేతికొస్తుంది. నీటికి వ్యాపారం దెబ్బతిన్న ఊరిలో నాలుగు రూపాయలు తిరుగుతాయి. ఏది కావాలో ఆ పూట అడిగి కొనవచ్చు.

వస్తువులే పంపాలనేవారి వాదన కూడా తేలికగా తోసిపుచ్చదగినది కాదు. బజారు మునిగిపోయినప్పుడు, ఏటీఎంలు పనిచేయనప్పుడు, చుట్టూ నీరున్నప్పుడు చేతిలోని డబ్బుకు ఏమీ రాదు. అటువంటి రోజుల్లో టార్పాలిన్, పాలపొడి, మందులు డబ్బుకంటే విలువైనవి. కొందరు దాతలకు నగదు ఇవ్వాలంటే నమ్మకం చాలదు, వస్తువు ఇస్తే కనీసం అది వస్తువుగానే చేరుతుందన్న ధైర్యం ఉంటుంది. అయితే ఆ సెప్టెంబరులో నందిగామ సమీపంలోని ఐతవరం వద్ద హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిపైకే నీరు వచ్చి రాకపోకలు నిలిచిపోయాయని గుర్తుచేసుకుంటే, దూరం నుంచి వచ్చే సరుకుకు ఉన్న పరిమితి కూడా తెలుస్తుంది.

రెండు వాదాల మధ్య తేల్చేది బజారు పరిస్థితే. దగ్గరలో దుకాణాలు తెరిచి ఉంటే డబ్బు, మూతపడి ఉంటే ఎంచి పంపిన వస్తువు. ఇక్కడ ఎంచడం అన్నది ముఖ్యం. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరానికి చేరిన పాత బట్టలు వాడేవారు లేక రోడ్ల పక్కన కుప్పలుగా పడి ఉండిపోయాయి. మత్స్యకార మహిళలు ధరించని దుస్తులు, చిరిగినవి, ఉతకనివి వాటిలో కలిసి ఉన్నాయి. అలా మిగిలిన బట్టలను ఏరి వాడుకలోకి తెచ్చే పనిని గూంజ్ సంస్థ చేపట్టింది. దాని స్థాపకుడు అన్షు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. సర్వం పోగొట్టుకున్న మనిషికి చిరిగిన చీర చేతిలో పెట్టడం సాయం అనిపించుకోదు. ఈ మాట కటువుగా ఉన్నా చెప్పక తప్పదు.

వండిన ఆహారానికీ వేళ ఉంటుంది. తెల్లవారుజామున ఐదింటికి వేడివేడిగా కట్టిన సాంబారన్నం పొట్లం, పడవ దొరికి మధ్యాహ్నం రెండింటికి చేరేసరికి, ఆ ఉక్కలో పాచిపోయి ఉంటుంది. చింతపండు పులిహోర అంతసేపు నిలుస్తుంది. అటుకులు, మరమరాలు, బిస్కెట్లు, అరటిపళ్లు వంటకు నోచుకోని ఇంట్లో రెండో రోజు కూడా పనికొస్తాయి. మూడు రోజులు వరుసగా పులిహోరే తిన్న పసిపిల్లలకు, మధుమేహం ఉన్న పెద్దవారికి అది ఇబ్బందే. అందుకే వంట పాత్రలు, గ్యాస్ స్టవ్ తిరిగి చేతికొచ్చిన రోజునుంచి బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, కారం ఉన్న సరుకుల సంచి పొట్లం కంటే మేలవుతుంది.

నీటి విషయంలో లెక్క ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అంతర్జాతీయంగా సహాయ సంస్థలు పాటించే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం ఒక మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు కావాలి. 400 మంది ఉన్న పునరావాస కేంద్రానికి అది 6,000 లీటర్లు. అందులో తాగడానికి మనిషికి మూడు లీటర్లు అనుకున్నా 1,200 లీటర్లే, మిగిలిన 4,800 లీటర్లు వంటకు, స్నానానికి, శుభ్రతకు. అందరూ సీసాలే పంపితే తాగునీరు మిగిలిపోయి, మరుగుదొడ్డికి నీళ్లుండవు. అక్కడ కావలసింది 5,000 లీటర్ల ట్యాంకరు ఒకటి, దానికి తోడు బకెట్లు, మగ్గులు, క్లోరిన్ బిళ్లలు. శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు, లోదుస్తులు, దోమల చక్రాలు ఇచ్చేవారి తలపులోకి ఆలస్యంగా వస్తాయి, ఆడవారికి మాత్రం మొదటి రోజునుంచే కావాలి.

డబ్బు ఇవ్వడానికి మూడు దారులు

మొదటిది ముఖ్యమంత్రి సహాయనిధి, ప్రధానమంత్రి జాతీయ సహాయనిధి వంటి ప్రభుత్వ నిధులు. పెద్ద మొత్తం ఒకచోట చేరుతుంది, పంపిణీకి యంత్రాంగం సిద్ధంగా ఉంటుంది, పన్ను మినహాయింపు పూర్తిగా వస్తుంది. మన రూపాయి ఏ వీధికి, ఏ ఇంటికి వెళ్లిందో మాత్రం తెలియదు, అర్హుల జాబితాలో లేనివారికి అది చేరదు.

రెండోది స్వచ్ఛంద సంస్థలు. ముంపు ప్రాంతంలో వరదకు ముందునుంచే పనిచేస్తున్న సంస్థకు అక్కడి గడపగడపా తెలుసు, ప్రభుత్వ జాబితాకు బయట ఉన్నవారినీ చేరగలదు. వరద వచ్చిన మర్నాడు పుట్టిన సంస్థకు ఆ బలం ఉండదు. సంస్థ పేరుతోనే బ్యాంకు ఖాతా ఉందా, నిరుడు ఎంత వచ్చి ఎంత ఖర్చయిందో లెక్క చూపుతోందా అన్నవే రెంటికీ తేడా చెప్పే గుర్తులు.

మూడోది నేరుగా బాధిత కుటుంబానికి ఇవ్వడం. ఇందులో మధ్యవర్తి ఖర్చు ఉండదు, వేగం ఉంటుంది, మన ఇంట్లో పనిచేసే మనిషి కుటుంబమే మునిగినప్పుడు మొదట తోచేదీ ఇదే. దీనితో వచ్చే చిక్కు న్యాయానికి సంబంధించినది. తెలిసినవారున్న కుటుంబానికి పది చేతులు సాయపడతాయి, ఎవరూ తెలియని వలస కూలీ కుటుంబానికి ఒక్క చేయీ అందదు.

ఈ మూడింటికీ మధ్యస్థంగా మరో దారి కూడా 2024లో కనిపించింది. ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ రెండు రాష్ట్రాల సహాయనిధులకు చెరో కోటి రూపాయలు ప్రకటించడంతో పాటు, ముంపునకు గురైన 400 పంచాయతీలకు ఒక్కోదానికి లక్ష చొప్పున ఇచ్చారు. మొత్తం పెద్దదే అయినా పద్ధతి మామూలు మనుషులకూ వర్తించేదే. ఊరి పంచాయతీకి, బడికి ఇచ్చిన చిన్న మొత్తం దగ్గరివారి కళ్లముందే ఖర్చవుతుంది.

పన్ను విషయంలో అపోహలు ఎక్కువ. 80జీ పేరుతో అందరికీ తెలిసిన మినహాయింపు పాత పన్ను విధానాన్ని ఎంచుకున్నవారికే వర్తిస్తుంది. 2,000 రూపాయలకు మించి నగదుగా ఇచ్చిన విరాళానికి అది దక్కదు. వస్తురూపంలో ఇచ్చిన దానికీ దక్కదు.

విదేశాల్లోని తెలుగువారికి ఇంకో మెలిక ఉంది. భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారు, వారికి ఓసీఐ కార్డు ఉన్నా, ఇచ్చేది విదేశీ విరాళమే అవుతుంది, దాన్ని విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థే తీసుకోగలదు. ఆ చట్టానికి 2020లో చేసిన సవరణ తర్వాత అలా వచ్చిన సొమ్మును ఆ సంస్థ మరో సంస్థకు బదిలీ చేయడానికీ వీలులేదు. కనుక డల్లాస్‌లో ఇచ్చిన డాలరు ముంపు వీధిలో పనిచేసే చిన్న సంస్థకు చేరాలంటే, ఆ చిన్న సంస్థకే రిజిస్ట్రేషన్ ఉండాలి. అమెరికాలో పన్ను మినహాయింపు కోరేవారికి అక్కడ లాభాపేక్ష లేని సంస్థలకిచ్చే 501(సీ)(3) గుర్తింపు పొందిన సంస్థ ద్వారా ఇస్తేనే అది లభిస్తుంది.

విపత్తు వచ్చిన గంటల్లోనే నకిలీ క్యూఆర్ కోడ్‌లు కూడా పుట్టుకొస్తాయి. యూపీఐలో డబ్బు పంపే ముందు తెరపై కనిపించే ఖాతాదారు పేరు నిధి పేరా, ఎవరో వ్యక్తి పేరా అన్నది చాలావరకు గుట్టు విప్పుతుంది.

బురద తీయడం: చేతులతో చేసే సాయం

నీరు తీసిన ఇంట్లోకి అడుగుపెట్టినవారికి మొదట తగిలేది వాసన. గోడలపై నీటి మట్టం గీత, నేలపై జారిపోయే బురద మేట, బోర్లాపడి తలుపు తెరుచుకున్న ఫ్రిజ్, నీరు పీల్చి ఇద్దరు కూడా ఎత్తలేనంత బరువెక్కిన పరుపు. మురుగు కలిసిన ఆ బురద ఆరితే గట్టిపడి గీకాల్సి వస్తుంది, కనుక తడిగా ఉండగానే తోసేయాలి. విజయవాడలో ఈ పనికి ప్రభుత్వం ఇతర ప్రాంతాల నుంచి కూడా అగ్నిమాపక శకటాలను రప్పించి ఇళ్లు కడిగించింది. అయినా వీధిలోకి నీటి గొట్టం రావడం వేరు, మంచం కింది బురదను తట్టలకెత్తడం వేరు. వృద్ధ దంపతులు మాత్రమే ఉన్న ఇంటికి ఇద్దరు యువకులు పారలు, వైపర్లు, రబ్బరు బూట్లు, చేతి తొడుగులతో ఒక పూట వెళ్తే దానికి ఏ సరుకుల సంచీ సాటిరాదని నా అభిప్రాయం.

ఇక్కడే చాలామంది దృష్టికి రాని ఒక వైరుధ్యం ఉంది. ఇల్లు వెంటనే శుభ్రం చేస్తే ఆరోగ్యానికి మేలు, నష్టపరిహారానికి కీడు. సర్వే సిబ్బందో, బీమా సర్వేయరో వచ్చేసరికి ఇల్లు తళతళలాడుతుంటే పోయినదానికి ఆనవాలు ఉండదు. సాయానికి వెళ్లినవారి జేబులోని ఫోన్ ఈ వైరుధ్యాన్ని తీరుస్తుంది: గోడపై నీటి గీత, పాడైన ఒక్కో వస్తువు, దాని మోడల్ నంబరు, వాహనం నంబరు ప్లేటు ఫొటో తీశాకే పార పట్టడం. మునిగిన బండిని స్టార్ట్ చేసి చూద్దామన్న తొందరలో ఇంజిన్‌లోకి నీరు లాగితే నష్టం రెట్టింపవుతుంది, బీమా సంస్థ దాన్ని వాహనదారుడి తప్పుగా చూడవచ్చు. థర్డ్ పార్టీ బీమా మాత్రమే ఉన్న బండికి వరద నష్టం అసలే వర్తించదు. మెయిన్ స్విచ్ విషయం ఎలక్ట్రీషియన్‌కు వదిలేయాల్సినదే.

తడిసిన కాగితాలను చూసే చూపు కూడా వేరుగా ఉండాలి. బీరువాలో ముద్దయిన పదో తరగతి సర్టిఫికెట్లను, పట్టాదారు పాస్‌పుస్తకాన్ని విడదీయబోతే చిరిగిపోతాయి. మధ్యలో పొడి తెల్లకాగితాలు పెట్టి, నీడలో, గాలికి ఆరనిస్తే చాలావరకు దక్కుతాయి. ఆధార్, రేషన్ కార్డు వంటివి పోయినా నకళ్లు సచివాలయంలో, మీసేవలో, డిజిలాకర్‌లో దొరుకుతాయి. ఆ దారి తెలియనివారి పక్కన కూర్చుని ఓటీపీ వచ్చేదాకా ఆగే ఓపికగల మనిషే అక్కడ కావాలి.

కోబె భూకంపం తర్వాత పది లక్షలకు పైగా స్వచ్ఛంద సేవకులు తరలిరావడంతో, ఎవరిని ఎక్కడికి పంపాలో తెలియని అనుభవం నుంచి జపాన్‌లో ఒక పద్ధతి స్థిరపడింది. ప్రతి విపత్తుకూ సామాజిక సంక్షేమ మండళ్లు స్వచ్ఛంద సేవా కేంద్రాన్ని తెరుస్తాయి. బాధిత కుటుంబాలు తమ అవసరం అక్కడ చెబుతాయి, వచ్చినవారు పేరు నమోదు చేసుకుంటారు, కేంద్రం ఇద్దరినీ కలుపుతుంది. మన దగ్గర ఇటువంటి ఏర్పాటు అన్నిచోట్లా లేదు. అది లేనిచోట వార్డు సచివాలయాన్నో, ఆ కాలనీ సంఘాన్నో ముందు అడిగి వెళ్లే జట్టు దాదాపు అదే పని చేసినట్టు.

జాబితాలో పేరు లేనివారు

ప్రభుత్వ సాయానికి పునాది నష్టం అంచనా, అంటే ఎన్యుమరేషన్. విజయవాడలో మునిగిన ఇళ్లలో కింది అంతస్తువారికి 25,000 రూపాయలు, మొదటి అంతస్తువారికి 10,000 రూపాయలు ప్రకటించారు. దేశవ్యాప్తంగా 2022-26 కాలానికి కేంద్రం ఖరారు చేసిన విపత్తు స్పందన నిధి ప్రమాణాల ప్రకారం మరణానికి 4 లక్షలు, మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి 1.20 లక్షలు, పాడిగేదె పోతే 37,500 రూపాయలు. 33 శాతం, అంతకు మించి పంట నష్టపోతే హెక్టారుకు వర్షాధార భూమిలో 8,500, నీటి వసతి ఉన్న భూమిలో 17,000. రాష్ట్రాలు తమ వాటాగా దీనికి మించి ఇవ్వవచ్చు.

అంకెలు స్పష్టంగానే ఉన్నాయి. చిక్కంతా ఎవరి పేరు ఎక్కుతుందన్న దానిలో ఉంది. పనికోసం శ్రీకాకుళం నుంచి వచ్చి అద్దెకుంటున్న కుటుంబానికి ఆధార్ చిరునామా సొంతూరిలో ఉంటుంది. సర్వే సిబ్బంది వచ్చిన రోజు ఆ ఇంటికి తాళం వేసి ఉంటే ఆ కుటుంబం నమోదు కాకుండా పోవచ్చు. కౌలు రైతు పరిస్థితి ఇంకా క్లిష్టం. పంట వేసినది, పెట్టుబడి పెట్టినది, నష్టపోయినది అతడే. ఆంధ్రప్రదేశ్‌లో 2019 చట్టం కింద సాగుదారు హక్కు కార్డు ఉండి, ప్రభుత్వ పంట నమోదైన ఈ-పంటలో పేరు ఉంటే, పంట నష్టానికిచ్చే పెట్టుబడి రాయితీ అతడికి వస్తుంది. ఆ కార్డుకు భూయజమాని సంతకం కావలసిరావడంతో చాలామంది దాన్ని తీసుకోలేకపోయారు. నమోదు భూయజమాని పేరునే ఉంటే సొమ్ము ఆయన ఖాతాలో పడుతుంది. ఊరిలో చదువుకున్నవారు, ఉద్యోగులు ముసాయిదా జాబితా ప్రదర్శించిన రోజున రైతులతో కలిసి దాన్ని చదివి, లేని పేర్లకు గడువులోగా అర్జీ రాయించడం పైసా ఖర్చు లేని సాయం. భూయజమానుల్లో కొందరు పట్నాల్లో, విదేశాల్లో ఉన్నవారే. వారి వైపునుంచి ఒక సంతకం ఎన్నో విరాళాలకు సమానం.

బీమా మరో మరుగుపడిన విషయం. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన కింద బ్యాంకు ఖాతానుంచి ఏడాదికి 20 రూపాయలు తగ్గుతాయి. ప్రమాదవశాత్తూ మరణిస్తే 2 లక్షలు వస్తాయి, ప్రకృతి విపత్తులో సంభవించిన మరణం కూడా దీని కిందికి వస్తుంది. జీవన్ జ్యోతి బీమాకు 436 రూపాయలు, ఏ కారణంతో మరణించినా 2 లక్షలు. ఒక కూలీ మున్నేరులో కొట్టుకుపోయాడనుకుందాం. ఎక్స్‌గ్రేషియా గురించి ఊరంతా చెబుతుంది. ఆయన పాస్‌బుక్‌లో మే నెలాఖరునో, జూన్ మొదట్లోనో 20, 436 రూపాయల కోతలు ఉన్నాయేమో చూసేవారు ఉండరు. రెండూ ఉంటే ఆ ఇంటికి మరో 4 లక్షలు రావాలి. క్లెయిము సాధారణంగా 30 రోజుల్లోగా ఇవ్వాలి, పోలీసు, పోస్టుమార్టం కాగితాలు కావాలి. దుఃఖంలో ఉన్న భార్యకు ఇవన్నీ తెలియాలని ఆశించడం అన్యాయం. బ్యాంకు పనులు తెలిసిన ఒక మనిషి ఆ పాస్‌బుక్ తిరగేస్తే చాలు.

మాట, మౌనం, ఫొటో

1977 నాటి దివిసీమ ఉప్పెన నుంచి నేటి వరకు బాధితులను కలిసినవారికి ఎదురయ్యే ఇబ్బంది ఒకటే: ఏం మాట్లాడాలి? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో విడుదల చేసిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని దీన్ని మూడు మాటల్లో చెబుతుంది: చూడడం, వినడం, జతచేయడం. ఎవరు ఎక్కువ కలతలో ఉన్నారో చూడాలి, చెప్పేది వినాలి, వారిని అవసరమైన సేవతోనో, సొంతవారితోనో జతచేయాలి. జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పమని ఒత్తిడి చేస్తే మనసు తేలికపడుతుందన్న పాత నమ్మకాన్ని ఆ సంస్థ సమర్థించదు. నిద్రలేమి, భయం వారాలు గడిచినా తగ్గకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ 14416 నంబరులో తెలుగులోనే ఉచితంగా మాట్లాడే వీలుంది.

ఫొటోల విషయంలో రెండు పక్షాలకూ కారణాలున్నాయి. విరాళం ఇచ్చినవారికి లెక్క చెప్పాలంటే ఆధారం కావాలి, చూసి మరికొందరు ముందుకొస్తారు అన్నది ఒక పక్షం. నిన్నటిదాకా సొంత సంపాదనతో తలెత్తుకు బతికిన మనిషి చేయి చాపి పొట్లం అందుకుంటున్న బొమ్మ అతడి పిల్లల ఫోన్లలోకి కూడా చేరుతుందన్నది రెండో పక్షం. బిల్లులు, సరుకు దించిన చోటు, ఖాళీ అయిన వ్యాను ఫొటోలతో లెక్క చెప్పవచ్చు. మనిషి ముఖం అక్కరలేదు.

జనం వెళ్లిపోయిన తర్వాత

1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు దాదాపు పదివేలమంది మరణించినట్టు ప్రభుత్వ లెక్క. ఎన్టీఆర్, అక్కినేని జోలెపట్టి విరాళాలు సేకరించిన సంగతి అందరికీ తెలుసు. అంతగా చెప్పుకోనిది ఆ తర్వాతి కాలం. దివిసీమ నాయకుడు మండలి వెంకట కృష్ణారావు చొరవతో స్వచ్ఛంద సంస్థలు ఆ ప్రాంతానికి వచ్చి ఇళ్లు, బడులు, తుపాను షెల్టర్లు కట్టే పనిలో ఏళ్ల తరబడి నిలిచాయి. ఉప్పెన వచ్చిపోయింది ఒక్క రోజులో, మళ్లీ నిలబడడానికి పట్టినది ఆ ఏళ్లన్నీ.

ఒక్క ఇంటి సంగతి ఊహించి చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. భర్త ఆటో నడుపుతాడు, భార్య ఇంట్లో జాకెట్లు కుడుతుంది. వరదలో ఆటో ఇంజిన్, కుట్టు మిషన్ మోటారు, కుట్టడానికి ఇతరులు ఇచ్చిన చీరలు, జాకెట్టు గుడ్డలు పాడయ్యాయి. మొదటి వారం తిండికి లోటు లేదు. రెండో నెలలో ఆటో ఫైనాన్స్ వాయిదా, డ్వాక్రా వాయిదా ఒకేసారి ఎదురవుతాయి. పాడైన గుడ్డలకు వాటిని ఇచ్చినవారు డబ్బు అడగకపోయినా, కొత్త పని ఇవ్వడానికి వెనకాడతారు. ప్రభుత్వం ఇచ్చిన 25,000 రూపాయలు ఆటో మరమ్మతుకే సరిపోతే, మిషన్ బాగుకాదు, వారం వడ్డీకి అప్పు తప్పదు. ఈ ఇంటికి అప్పుడు కావలసింది మిషన్ మోటారు ఖరీదు, పక్క వీధిలోని మిషన్‌పై కుట్టుకునే వీలు, నాలుగు కొత్త గిరాకీలు. ఇంటి దగ్గరి ఆడవారు తమ జాకెట్లు ఆమెకే ఇవ్వడం కూడా సాయమే, దాన్ని ఎవరూ సాయంగా లెక్కించరు.

పైన చెప్పిన అపార్ట్‌మెంట్‌వారి 60,000 రూపాయలనే ఈ చూపుతో మళ్లీ పంచితే లెక్క మారుతుంది. మొదటి వారంలో 20,000తో విజయవాడలోనే కొన్న సరుకులు, బకెట్లు, చీపుర్లు, బ్లీచింగ్ పౌడర్. మిగిలిన 40,000 బ్యాంకులో ఉంచి, మూడో నెలలో ఆ కాలనీ అంగన్‌వాడీ కార్యకర్తనో, బడి పంతులునో అడిగి, ఇంకా పనిలో పడని ఎనిమిది కుటుంబాలకు 5,000 చొప్పున మిషన్ మోటారుకో, తోపుడు బండికో, ఇస్త్రీ పెట్టెకో, పిల్లల పుస్తకాలకో ఇవ్వడం. మూడో నెలలో ఆ గడప తొక్కే దాతలు చాలా తక్కువమంది కనుక, ఆ 5,000 రూపాయలకు పోటీగా అక్కడ మరో సాయం ఉండదు.